మందుల డబ్బా ఎవరి చేతిలో ఉండాలి?



ఈ నెల పాఠం పిల్లలకు కాదు, మనకు. ముందుగా ఒక చిన్న పరీక్ష. మీ అమ్మాయో అబ్బాయో కీళ్ళవాతానికి గానీ, లూపస్‌కి గానీ, కీళ్ళవాతపు జ్వరం తర్వాత వచ్చిన గుండె సమస్యకు గానీ ఏళ్ళుగా మందులు వాడుతుంటే, ఇవాళ రాత్రి భోజనాల దగ్గర అడిగి చూడండి: "నువ్వు వేసుకునే మందు పేరేంటి? దేనికి వేసుకుంటున్నావు?"

"పసుపు రంగు మాత్ర. అమ్మకు తెలుసు" అని జవాబు వస్తే ఈ పాఠం మీ కోసమే.

ఆ జవాబులో పిల్లల తప్పేమీ లేదు. అయిదేళ్ళప్పుడో ఆరేళ్ళప్పుడో జబ్బు బయటపడింది. అప్పటి నుంచి మందు పేరు మీకు గుర్తు, రక్తపరీక్ష తేదీ మీకు గుర్తు, డాక్టర్‌గారి ఫోన్ నంబర్ మీ ఫోన్‌లో ఉంది. బిడ్డ చేయాల్సిందల్లా నోరు తెరవడమే. అంత జాగ్రత్తగా చూసుకున్నారు కాబట్టే బిడ్డ ఇవాళ బ్యాగు తగిలించుకుని స్కూలుకు వస్తోంది. కానీ ఈ జాగ్రత్త అంతా మీ తలలోనే ఉండిపోతే, మీరు పక్కన లేని రోజున ఏం జరుగుతుంది?

ఒక అమ్మాయిని ఊహించుకుందాం

దుమ్ముగూడెం వైపు ఊరనుకోండి. పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. జూన్‌లో హైదరాబాద్‌లో ఇంటర్, హాస్టల్‌లో సీటు. పెట్టెలో పచ్చళ్ళు, పుస్తకాలు, వాటితో పాటు మెథోట్రెక్సేట్ మాత్రల షీట్లు. ఇంట్లో ఉన్నప్పుడు అమ్మ ప్రతి ఆదివారం రాత్రి ఇచ్చేది. అమ్మాయికి అది "ఆదివారం మాత్ర" అని తప్ప ఇంకేమీ తెలియదు. హాస్టల్‌లో మందుల రిజిస్టర్ ఉంటుంది. అందులో అందరివీ ఉదయం, రాత్రి అని రాసుకుంటారు. ఈ అమ్మాయివీ అలాగే రాశారు. అమ్మాయి కూడా ఏమీ అనలేదు. పెద్దవాళ్ళు చెప్పారు కదా, కొత్త చోటు కదా అనుకుంది.

మెథోట్రెక్సేట్ కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారి మాత్రమే వాడే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే నోట్లో పుండ్లు పడతాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. ప్రపంచమంతటా ఆసుపత్రులు ప్రత్యేకంగా హెచ్చరించే పొరపాట్లలో ఇది ఒకటి. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు. "ఇది వారానికి ఒకసారే అండీ" అనే ఒక్క మాట చెప్పగలిగిన మనిషి ఆ గదిలో లేకపోవడమే లోటు. ఆ మనిషి మీ అమ్మాయే కావాలి.

ఇంతకీ ఏ జబ్బుల గురించి మాట్లాడుతున్నాం?

కీళ్ళవాతం ముసలివాళ్ళకే వస్తుందని మనలో చాలామంది అనుకుంటాం. 16 ఏళ్ళ లోపు మొదలై, కనీసం 6 వారాల పాటు కీలు వాచి ఉండి, వేరే కారణం కనిపించకపోతే డాక్టర్లు దాన్ని జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటారు. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీళ్ళ మీదికి తిరగబడటం దీని మూలం. పొద్దున లేవగానే కీళ్ళు బిగుసుకుపోయి, కాసేపు తిరిగాక సడలడం దీని గుర్తు. మగపిల్లల్లో మడమ, తుంటి, నడుము పట్టుకునే రకం మన దేశంలో బాగా కనిపిస్తుంది. దాన్ని క్రికెట్ దెబ్బ అనుకుని ఏళ్ళు గడిపేసేవాళ్ళు ఉంటారు. లూపస్ ఎక్కువగా ఆడపిల్లలకు, అదీ యుక్తవయసులో వస్తుంది. అది చర్మాన్ని, కీళ్ళను, మూత్రపిండాలను కూడా తాకగలదు.

కీళ్ళవాతపు జ్వరం వేరు. గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా చేరి, సరైన మందు పడకపోతే, కొన్ని వారాల తర్వాత జ్వరం, కీళ్ళ నొప్పులు వస్తాయి. కీళ్ళు బాగవుతాయి గానీ గుండె కవాటాలు దెబ్బతినవచ్చు. మళ్ళీ రాకుండా పెన్సిలిన్ సూదిమందు, సాధారణంగా 21 రోజులకు ఒకసారి, ఏళ్ళ తరబడి వేయించుకోవాలి.

ఈ జబ్బులన్నిటికీ పోలిక ఒక్కటే. ఇవి చిన్నతనంతో ముగిసిపోతాయన్న భరోసా లేదు. జువెనైల్ ఆర్థరైటిస్ ఉన్న పిల్లల్లో మూడోవంతు నుంచి సగం మంది వరకు పెద్దయ్యాక కూడా చికిత్స అవసరమవుతూనే ఉంటుంది. అంటే పిల్లల డాక్టర్ దగ్గర మొదలైన ప్రయాణం పెద్దల డాక్టర్ దగ్గర కొనసాగాలి. ఆ మధ్యలో తెగిపోతే, అన్నేళ్ళు కాపాడుకున్న కీలు, కన్ను, గుండె ఏదైనా దెబ్బతినవచ్చు.

మన దగ్గర గంట 15 ఏళ్ళకే మోగుతుంది

2016లో యూరప్‌లోని రుమటాలజీ సంఘాలు, పిల్లల రుమటాలజీ సంఘం కలిసి ఈ మార్పిడి గురించి 12 సిఫార్సులు ప్రకటించాయి. వాటి సారాంశం ఇది: తయారీ కౌమారం మొదట్లోనే ప్రారంభించాలి, పిల్లల డాక్టర్, పెద్దల డాక్టర్ నేరుగా మాట్లాడుకోవాలి, ప్రతి అడుగూ రాసి ఉంచాలి. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ పిల్లల ఆసుపత్రి "రెడీ, స్టెడీ, గో" అనే పద్ధతి తయారుచేసింది. 11 ఏళ్ళ నుంచే పిల్లల చేతికి చిన్న ప్రశ్నల కాగితం ఇచ్చి, తమ జబ్బు గురించి తమకు ఎంత తెలుసో వాళ్ళనే గుర్తుపెట్టమంటారు.

అక్కడ డాక్టర్ మారేది ఇంచుమించు 18 ఏళ్ళకు. మన దగ్గర ఆసుపత్రిని బట్టి పిల్లల విభాగం వయసు మారుతుంది. కొన్నిచోట్ల 12, కొన్నిచోట్ల 14, ఇంకొన్నిచోట్ల 18. మీరు వెళ్ళే చోట ఎంతవరకు చూస్తారో ఈసారి వెళ్ళినప్పుడు అడగండి.

అయితే మన ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం పిల్లలకు అసలు మార్పిడి డాక్టర్ మారినప్పుడు కాదు, ఇల్లు మారినప్పుడు వస్తుంది. పదో తరగతి పూర్తయ్యేసరికి 15 ఏళ్ళు. ఆ జూన్‌లోనే చాలామంది హైదరాబాద్‌కో విజయవాడకో హాస్టల్‌కి వెళ్ళిపోతారు. డాక్టర్ ఇంకా పాత డాక్టరే, కానీ మాత్ర ఇచ్చే చెయ్యి మారిపోయింది. కాబట్టి 18 ఏళ్ళు లెక్కపెట్టుకుని కూర్చోకండి. మన గడువు పదో తరగతి పరీక్షలు.

పెద్దల డాక్టర్ దగ్గర ఏం మారుతుంది?

పిల్లల డాక్టర్ మీతో మాట్లాడతారు. పెద్దల డాక్టర్ పేషెంట్‌తో మాట్లాడతారు. "ఎలా ఉంది?" అని అడిగి, మీ అబ్బాయి ముఖం వైపు చూస్తారు. అబ్బాయి మీ ముఖం వైపు చూస్తే ఆ అయిదు నిమిషాలూ అయిపోతాయి. పిల్లల డాక్టర్ అపాయింట్‌మెంట్ తప్పితే ఫోన్ చేసి అడుగుతారేమో. పెద్దల ఓపీలో ఎవరూ అడగరు. 18 నిండాక ఆపరేషన్‌కైనా, పెద్ద పరీక్షకైనా అంగీకార సంతకం వాళ్ళదే, మీది కాదు.

ఇంకో చిక్కు దూరం. ప్రత్యేకంగా పిల్లల కీళ్ళవాతం చూసే నిపుణులు మన దేశంలో తక్కువ. మన వైపు నుంచి ఎక్కువమంది హైదరాబాద్ వెళ్ళాల్సిందే. అక్కడ నిలోఫర్ పిల్లల ఆసుపత్రి, పెద్దలకు నిమ్స్‌లో రుమటాలజీ విభాగం, ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నాయి. ఖమ్మం నుంచి సుమారు 200 కిలోమీటర్లు, భద్రాచలం నుంచి 300 కిలోమీటర్లకు పైనే. ఇంత దూరం వెళ్ళి, చెప్పాల్సింది చెప్పకుండా తిరిగివస్తే ఆ ప్రయాణం వృథా.

ఒక ఉదాహరణ చూడండి. కీళ్ళు బిగుసుకుపోయేది పొద్దున. డాక్టర్ గదిలోకి పిలిచేసరికి పదకొండు, పన్నెండు. అప్పటికి కీళ్ళు సడలిపోయి పిల్లవాడు మామూలుగా నడుస్తుంటాడు. అందుకే లేవగానే ఎన్ని నిమిషాలు బిగుతుగా ఉందో, ఏ కీలు వాచిందో వారానికి రెండుసార్లు డైరీలో రాసుకోవాలి. ఆ పని మీది కాదు, పిల్లలది. నొప్పి వాళ్ళకే తెలుస్తుంది.

తరగతుల వారీగా పాఠ్యప్రణాళిక

లెక్కలు ఒక్క రోజులో నేర్పం కదా. ఇదీ అంతే.

6, 7 తరగతులు: జబ్బు పేరు తప్పులేకుండా చెప్పడం. మందుల పేర్లు చదవడం. ఏ మందు దేనికో ఒక వాక్యంలో చెప్పడం. డాక్టర్ దగ్గర మొదటి జవాబు పిల్లలే చెప్పాలి, మీరు తర్వాత కలపాలి.

8, 9 తరగతులు: ఏడు గళ్ళ మందుల డబ్బా కొనివ్వండి. ఆదివారం పూట పిల్లలే నింపాలి, మీరు పక్కన కూర్చుని చూడాలి. నొప్పి డైరీ వాళ్ళే రాయాలి. డాక్టర్‌తో అయిదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడనివ్వండి. ఆడపిల్ల అయితే నర్సు గదిలో ఉండేలా అడగండి. బయట కూర్చోవడం మీకు కష్టంగానే ఉంటుంది. కానీ "మాత్ర వేసుకుంటే వాంతి వచ్చినట్టు ఉంటోంది, అందుకే అప్పుడప్పుడూ పారేస్తున్నాను" అన్న మాట చాలామంది పిల్లలు అమ్మ ముందు చెప్పరు. డాక్టర్‌తో చెబితే మందు మార్చవచ్చు, సూది రూపంలో ఇవ్వవచ్చు.

10వ తరగతి: ఒక నెల మొత్తం పిల్లల చేతికే వదిలేయండి. మందులు ఎప్పుడు అయిపోతాయో లెక్కపెట్టడం, మందుల చీటీ తీసుకుని షాపుకు వెళ్ళడం, ల్యాబ్ రిపోర్టు తేవడం అన్నీ వాళ్ళే చేయాలి. ఒకసారి మరచిపోతారు. ఇంట్లో ఉండగా మరచిపోవడమే మంచిది. మాత్ర తప్పితే ఏం చేయాలో, ఎవరిని అడగాలో అప్పుడే నేర్చుకుంటారు. తప్పిన మాత్రకు బదులు రెండు కలిపి వేసుకోకూడదని ముందే చెప్పి ఉంచండి.

ఇంటర్: అపాయింట్‌మెంట్ వాళ్ళే తీసుకోవాలి. పెద్దల డాక్టర్ ఎవరో పాత డాక్టర్‌గారినే అడిగి తెలుసుకోవాలి. జబ్బు అదుపులో ఉన్న రోజుల్లో డాక్టర్ మారడం మంచిది. ఎంట్రన్స్ పరీక్షల నెలలో వద్దు.

18 నిండాక: కొత్త డాక్టర్ దగ్గర మొదటి విజిట్ పూర్తయ్యేదాకా పాత డాక్టర్‌ను వదలకండి. చాలామంది తప్పిపోయేది ఈ ఖాళీలోనే.

పెట్టెలో పచ్చడి సీసాతో పాటు ఒక పేజీ

హాస్టల్‌కి పంపే ముందు ఒకే పేజీ తయారు చేయండి. పిల్లల చేతిరాతతో ఉంటే ఇంకా మంచిది. మూడు కాపీలు: ఒకటి పిల్లల దగ్గర, ఒకటి వార్డెన్‌గారి దగ్గర, ఒకటి మీ దగ్గర. ఫోన్‌లో ఫొటో కూడా ఉంచండి. అందులో ఇవి ఉండాలి.

1. జబ్బు పూర్తి పేరు, ఏ ఏడాది బయటపడింది.
2. ఇప్పుడు వాడుతున్న మందులు, మోతాదు, వేసుకునే రోజు. మెథోట్రెక్సేట్ ఉంటే "వారానికి ఒక్కసారి, ఫలానా వారం" అని ఎర్ర ఇంకుతో. దానితో ఇచ్చే ఫోలిక్ యాసిడ్ ఏ రోజో విడిగా.
3. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే "ఉన్నట్టుండి ఆపకూడదు" అన్న మాట.
4. ఇంతకుముందు వాడి ఆపేసిన మందులు, ఎందుకు ఆపారు.
5. పడని మందులు.
6. తదుపరి రక్తపరీక్ష, తదుపరి కంటి పరీక్ష తేదీలు.
7. వేయించిన టీకాలు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్ళకు కొన్ని టీకాలు వేయకూడదు. ఏ టీకా అయినా ముందు డాక్టర్‌ను అడగాలి.
8. పెన్సిలిన్ సూది వేయించుకునేవాళ్ళకు తదుపరి 21వ రోజు తేదీ. కవాటాలు దెబ్బతిని ఉంటే పంటి డాక్టర్‌కు కూడా ఆ సంగతి చెప్పాలి.
9. జ్వరం వస్తే ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి.

కంటి పరీక్ష గురించి ఒక్క మాట. జువెనైల్ ఆర్థరైటిస్ ఉన్న కొందరు పిల్లల్లో కన్ను ఎర్రబడకుండా, నొప్పి లేకుండానే కంటి లోపల వాపు వస్తుంది. చూపు తగ్గేదాకా తెలియదు. అందుకే డాక్టర్ చెప్పిన వ్యవధిలో, కొందరికి 3 నెలలకే, స్లిట్ ల్యాంప్ పరీక్ష చేయించాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకు కూడా కంటి పరీక్షలు అవసరం. "కళ్ళు బాగానే కనిపిస్తున్నాయి కదా" అని మానేసేది హాస్టల్ ఏళ్ళలోనే.

పూర్తి ఫైలు వేరుగా ఉంచండి. 14 అంకెల ఆభా నంబర్ తీసుకుంటే రిపోర్టులు ఫోన్‌లోనే దాచుకోవచ్చు. అయినా కాగితం కాపీ ఒకటి ఇంట్లో ఉండాలి.

మన అడవి అంచు ఊళ్ళ సంగతులు

పుస్తకాల్లో దొరకని జాగ్రత్తలు కొన్ని మన ప్రాంతానికే ఉన్నాయి.

గోదావరి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు, చుట్టుపక్కల ఊళ్ళకు దారులు తెగిపోయాయి. అలాంటి వారంలో మందుల షీటు ఖాళీ అయితే? జూన్ నెలాఖరుకే కనీసం నెలకు సరిపడా మందులు ఇంట్లో ఉండాలి. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన బయోలాజికల్ ఇంజెక్షన్లు వాడుతుంటే, కరెంటు పోతే ఏం చేయాలో ముందే డాక్టర్‌ను అడిగి రాసిపెట్టుకోండి.

రెండు రాష్ట్రాలు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఎటపాక, కూనవరం, చింతూరు పిల్లలు భద్రాచలంలో చదువుతున్నా, వాళ్ళ కుటుంబం ఆరోగ్య కార్డు ఆంధ్రాది. అక్కడ డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, ఇక్కడ రాజీవ్ ఆరోగ్యశ్రీ. ఏ ఆసుపత్రిలో ఏ కార్డు చెల్లుతుందో, మీ బిడ్డ జబ్బుకు ఏవి వర్తిస్తాయో అవసరం పడకముందే ఆసుపత్రిలోని సహాయ కేంద్రంలో అడిగి తెలుసుకోండి. ప్రైవేటు బీమా ఉంటే, పిల్లలు ఏ వయసు వరకు మీ పాలసీలో ఉంటారో చూడండి. చాలా పాలసీల్లో ఒక వయసు దాటాక వాళ్ళకు వేరే పాలసీ తీసుకోవాలి.

జ్వరాలు. మనది మలేరియా, డెంగీ, చికున్‌గున్యా తిరిగే ప్రాంతం. రోగనిరోధక శక్తిని తగ్గించే మందు వాడుతున్న పిల్లలకు జ్వరం వస్తే "వైరల్ జ్వరమే, రెండ్రోజులు చూద్దాం" అనకండి. అదే రోజు రక్తపరీక్ష, అదే రోజు డాక్టర్‌కు ఫోన్. ఈ మాట పిల్లలు వార్డెన్‌గారితో తామే చెప్పగలగాలి.

పేరులేని పొట్లాలు. కీళ్ళ నొప్పులకు పేరు, చీటీ లేకుండా ఇచ్చే పొడులు, రంగు మాత్రల పొట్లాల్లో కొన్నిటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో నొప్పి మాయమవుతుంది, జబ్బు లోపల ఉండిపోతుంది. "మందు పేరు కాగితం మీద రాసి ఇస్తారా?" అని అడగడం పిల్లలకు నేర్పండి. పేరు రాయని మందు మింగకూడదు.

రాత్రి ప్రయాణం. రాత్రంతా బస్సులో కదలకుండా కూర్చుంటే కీళ్ళు బిగుసుకుపోతాయి. బస్సు ఆగినచోటల్లా దిగి నాలుగడుగులు నడవమనండి.

ఇంకో సంగతి. ప్రభుత్వ బడుల్లో, అంగన్‌వాడీల్లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలకు ఆరోగ్య పరీక్షలు జరుగుతాయి. అందులో కీళ్ళవాతపు గుండె జబ్బు కూడా ఉంది. ప్రైవేటు స్కూలు పిల్లల దగ్గరకు ఆ బృందాలు మామూలుగా రావు. కాబట్టి మన పిల్లల గొంతునొప్పి, ఆ తర్వాత వచ్చే కీళ్ళ నొప్పుల సంగతి మనమే పట్టించుకోవాలి.

చెప్పుకోలేని మాటలు

ఇక్కడ కొంచెం కష్టమైన విషయం. ఆడపిల్లకు ఈ జబ్బు ఉందని బయట తెలిస్తే పెళ్ళి సంబంధాలు రావేమోనన్న భయంతో చాలా ఇళ్ళల్లో దాచిపెడతారు. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో మాకు అర్థమవుతుంది. కానీ దాని ఫలితం చూడండి. దాచమని నేర్పిన అమ్మాయి హాస్టల్‌లో అందరి ముందు మాత్ర వేసుకోదు. సిగ్గుపడి మానేస్తుంది. దసరా సెలవులకు వచ్చేసరికి మోకాళ్ళు వాచి ఉంటాయి. ఊరందరికీ చెప్పనక్కర్లేదు. వార్డెన్‌కు, క్లాస్ టీచర్‌కు, ఒక స్నేహితురాలికి చెప్పడం దాపరికానికీ చాటింపుకూ మధ్య ఉన్న సరైన దారి.

ఇంకొకటి. మెథోట్రెక్సేట్ లాంటి కొన్ని మందులు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. పెళ్ళయ్యాక, పిల్లల కోసం అనుకునే ముందు మందు మార్చుకోవాలి. సరిగ్గా ప్లాన్ చేసుకుంటే ఈ జబ్బులున్న ఎందరో ఆడవాళ్ళు ఆరోగ్యంగా పిల్లల్ని కంటున్నారు. ఈ మాట 17, 18 ఏళ్ళ అమ్మాయికి డాక్టర్ ద్వారానైనా తెలియాలి. "పెళ్ళయ్యాక చూసుకుందాం" అంటే ఆలస్యమవుతుంది.

అబ్బాయిలకూ ఒక మాట. మెథోట్రెక్సేట్ వాడుతూ మద్యం తాగితే కాలేయం దెబ్బతింటుంది. "మా అబ్బాయి అలాంటివాడు కాదు" అని మీరు అనుకోవచ్చు. అయినా వాడికి తెలిసి ఉండాలి. దీన్ని తిట్టులా కాకుండా మందు గురించిన సమాచారంగా చెప్పండి.

జబ్బు తగ్గినట్టు అనిపించినప్పుడు మందు ఆపేయాలనే కోరిక టీనేజ్ పిల్లల్లో చాలా మామూలు. "ఎందుకు మానేశావు?" అని అరిస్తే ఈసారి అబద్ధం చెబుతారు. "ఎన్ని తప్పాయి? ఏ రోజుల్లో?" అని మామూలుగా అడగండి. నిజం బయటికొస్తే డాక్టర్‌కు పని సులువు.

స్కూల్‌కి చెప్పండి

మీ బిడ్డ జబ్బు సంగతి క్లాస్ టీచర్‌కు తెలిస్తే ఉదయం అసెంబ్లీలో ఎక్కువసేపు నిలబెట్టరు, మెట్ల గురించి ఆలోచిస్తారు, పీరియడ్ మధ్యలో లేచి రెండడుగులు నడవనిస్తారు. ఆటలు పూర్తిగా మాన్పించనక్కర్లేదు. ఏవి ఆడవచ్చో డాక్టర్‌గారితో రాయించుకుని పీఈటీ సార్‌కు ఇవ్వండి. వేళ్ళు, మణికట్టు వాచి రాయలేకపోతే, పబ్లిక్ పరీక్షల్లో రాసిపెట్టేవారు, గంటకు 20 నిమిషాల అదనపు సమయం లాంటి సదుపాయాలకు నిబంధనలున్నాయి. రాయడం కష్టమైనప్పుడు 40 శాతం కంటే తక్కువ వైకల్యం ఉన్నవారికి కూడా కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వైద్య ధ్రువపత్రం, బోర్డు అనుమతి కావాలి కాబట్టి మార్చి దాకా ఆగకండి, దసరాకు ముందే అడగండి.

ఇంటిపని

ఈ పది ప్రశ్నలు పిల్లలకు ఇవ్వండి. ప్రతిదానికీ "వచ్చు", "నేర్చుకుంటున్నా", "ఇంకా రాదు" అని వాళ్ళే రాయాలి. మార్కులు వేయకండి.

1. నా జబ్బు పేరు చెప్పగలను.
2. నా మందుల పేర్లు, మోతాదులు, రోజులు చూడకుండా చెప్పగలను.
3. ఒక మందు తప్పితే ఏం చేయాలో తెలుసు.
4. ఏ మందు ఉన్నట్టుండి ఆపకూడదో తెలుసు.
5. రక్తపరీక్ష ఎందుకు చేస్తారో తెలుసు.
6. కంటి పరీక్ష మళ్ళీ ఎప్పుడో తెలుసు.
7. జబ్బు తిరగబెడుతోందని ఏ గుర్తుల వల్ల తెలుస్తుందో చెప్పగలను.
8. డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడగలను.
9. మందులు అయిపోకముందే కొనుక్కోగలను.
10. నా జబ్బు గురించి వార్డెన్‌కు రెండు నిమిషాల్లో చెప్పగలను.

మొదటిసారి ఎక్కువ "ఇంకా రాదు" వస్తే కంగారు పడకండి. తారీఖు వేసి దాచండి. మూడు నెలల తర్వాత అదే కాగితం మళ్ళీ ఇవ్వండి.

సైకిల్ నేర్పిన రోజు గుర్తుందా? వెనక సీటు పట్టుకుని పరుగెత్తారు. ఒక దగ్గర చెయ్యి వదిలారు. వదిలాక కూడా పరుగెత్తడం మానలేదు. ఇప్పుడూ అంతే. మందుల డబ్బా పిల్లల చేతికి ఇచ్చినంత మాత్రాన మీరు తప్పుకున్నట్టు కాదు. ఆదివారం రాత్రి ఫోన్‌లో "వేసుకున్నావా?" అని అడగడానికి బదులు "ఈ వారం కీళ్ళు ఎలా ఉన్నాయి?" అని అడగండి. మాత్ర సంగతి తనే చెబుతుంది.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు ఆ ఒక్క పేజీ తీసుకురండి. క్లాస్ టీచర్‌కు మీరు ఇవ్వకండి. మీ అమ్మాయి చేత, మీ అబ్బాయి చేత ఇప్పించి, అందులో ఏముందో వాళ్ళ నోటితోనే చెప్పించండి. మీరు పక్కన నిలబడి వింటే చాలు.